టోపీలో కరెంటు

జూలై 2, మంగళవారం

ఈరోజు మొదటి ఆశ్చర్యం: ఆసుపత్రిలో రోగులకి పరీక్ష పెట్టడానికి కూర్చున్న నాకే ఒకాయన పరీక్ష పెట్టారు, అదీ ఒకే ఒక్క మాటతో.

బల్ల మీద గొడుగు బొమ్మ పెట్టి "ఇదేమిటండీ?" అన్నాను. ఆయన బొమ్మని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ బొమ్మని చూసి ముఖం చిట్లించారు. ఎడమ చేత్తో నా పెన్సిల్ లాక్కుని గొడుగు పిడి వంపు సరిచేశారు. ఒక ఊచ తక్కువైనట్టుంది, అదీ గీశారు. కార్డు నా వైపు తోసి, "అదే," అన్నారు. "అదే. అదే."

వెనక నుంచి ఆయన భార్య, "ముప్ఫై ఏళ్ళ డ్రాయింగ్ మాస్టారు అమ్మాయ్. వంకర గీత కనిపిస్తే తిండి సహించదు ఆయనకి," అంది.

పక్షవాతంతో కుడి చెయ్యి, మాట, రెండూ పడిపోయాయి. చెయ్యి కొంచెం కొంచెం కదులుతోంది. మాటల్లో మిగిలింది "అదే" ఒక్కటే.

మాట పడిపోవడం! ఎంత మంచి పలుకుబడి! పడిపోయిన వస్తువు ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా, వంగి వెతికితే దొరుకుతుంది కదా. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఈ అధ్యయనం నడిపే డాక్టర్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

మేడమ్ చెప్పినవి మరిచిపోకముందే రాసుకోవాలి. మాట పోయిన ప్రతివారికీ రోజూ కాసేపు ఒక టోపీ పెడతారు. కొందరి టోపీలోంచి సన్నటి కరెంటు తలలోకి వెళుతుంది. కొందరిది ఉత్త టోపీ. తర్వాత అందరికీ ఒకేలా కంప్యూటర్ తెర ముందు మాటల సాధన. తెర మీద బొమ్మ, చెవుల్లో గొంతు. ఎవరిది ఏ టోపీయో వాళ్ళకి తెలియదు, టోపీ తొడిగే అన్నయ్యకి తెలియదు, వారానికోసారి బొమ్మలు చూపించి మార్కులు వేసే నాకూ తెలియదు. మేడమ్‌కి కూడా తెలియదట. "మరెవరికి తెలుసండీ?" అంటే "కంప్యూటర్‌కి" అన్నారు.

నాకు పెట్టిన నియమం: "నువ్వు గోడవి. నవ్వకు, తలాడించకు, అయ్యో అనకు, మొదటి అక్షరం అందించకు. ఎవరికి ఎంత వస్తే అంతే."

ఆగస్టులో ఇరవై బొమ్మల్లో సగమైనా చెప్పగలిగినవాళ్ళలోంచి రెండో దశకి తీసుకుంటారు. ఏడాది పాటు రోజూ సాధన, ఇంటికే వ్యాన్. ఉన్నవి నాలుగు కుర్చీలు. మిగతావాళ్ళు ఇంటికి.

మాస్టారి భార్య వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "ఆ కుర్చీ మాకు కావాలమ్మాయ్. ఇంట్లో కూర్చోబెడితే ఈయన బొమ్మయిపోతాడు," అంది. నేను గోడని కాబట్టి ఏమీ అనలేదు. మార్కులు: సున్నా.

జూలై 9, మంగళవారం

మూడు!

తాళం అన్నారు. దువ్వెన అన్నారు. "పు… పువ్వు" అన్నారు. పువ్వు దగ్గర ఆయన పెదాలు ఎంత కష్టపడ్డాయో! బరువైన పెట్టెని ఇద్దరు మనుషులు గుమ్మం దాటించినట్టు. నేను ముఖం బిగపట్టుకుని పరీక్ష ముగించి, బాత్రూంలోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, నవ్వుకున్నాను.

బయట మాస్టారి భార్య అప్పటికే తీర్పు చెప్పేసింది. "మా ఆయన టోపీలో కరెంటు వస్తోంది. నాకు తెలుసు. పడుకున్నాక నుదురు ముట్టుకుంటే వెచ్చగా ఉంటోంది."

టోపీ అన్నయ్యని అడిగింది. "నాకేం తెలుసండీ? జనానికి టోపీ పెట్టడం వరకే నా పని," అన్నాడు. ఈ జోకు ఆయన రోజూ వేస్తాడట. నాకు కొత్త కాబట్టి నవ్వాను.

జూలై 10

ఈరోజు నచ్చిన మాట: పెగలడం. నోరు పెగలాలి, గొంతు పెగలాలి. రాత్రి అక్కావాళ్ళింట్లో ఇంకేం పెగులుతాయి అని అడిగితే బావ దుప్పటి లోంచి "నిద్ర కళ్ళు" అన్నాడు.

జూలై 16, మంగళవారం

ఎనిమిది. మేడమ్ మార్కులు రెండుసార్లు చూసుకుని, నా భుజం తట్టి, "మన గోడ మంచి గోడే," అన్నారు. ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. "ఇంతవరకూ గోడ అని పొగిడితే ఇంత పొంగిపోయిన మనిషిని చూడలేదే," అంది.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. టోపీ అన్నయ్య నన్ను వరండాలో ఆపి, "మాస్టారు నీ దగ్గర ఎనిమిది చెప్పారా? నిజంగా? నా దగ్గర సాధనలో 'అదే' తప్ప ఇంకేమీ రావట్లేదు," అన్నాడు.

ఇంట్లో ఎలా ఉందని మాస్టారి భార్యని అడిగాను. ఇంట్లోనూ "అదే"నట. "మా ఇంట్లో ఆయనకి మాట్లాడే సందు నేనెప్పుడిచ్చాను కనక," అని తనే నవ్వింది.

కొందరు పరీక్షల్లో బాగా రాణిస్తారు. నేనూ అంతే. పైగా నేను తొందరపెట్టను, ఓపిగ్గా కూర్చుంటాను. అందువల్లే కావచ్చు. సాధన గదిలో చప్పుడు కూడా ఎక్కువ.

కానీ ఒక గదిలో వచ్చి ఇంకో గదిలో రాని మాట, వచ్చినట్టా? రానట్టా?

జూలై 23, మంగళవారం

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

నాకు జలుబు. రోగులకి అంటకూడదని మాస్కు కట్టుకుని వెళ్ళాను. మాస్టారు ఉత్సాహంగా వచ్చారు, కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నారు. మొదటి కార్డు తాళం. ఎప్పుడూ చెప్పేదే. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, ఆగిపోయారు. రెండోది దువ్వెన. లేదు. పువ్వు లేదు. ఒక్కటీ లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఉన్నట్టుండి ఎడమ చెయ్యి చాచి నా మాస్కు పట్టుకుని గడ్డం కిందికి లాగేశారు. లాగి, అలాగే నన్ను చూస్తూ ఎదురుచూశారు.

నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. మాస్కు సర్దుకుని కుర్చీ వెనక్కి జరిపాను. ఆయన బల్ల మీద గుద్దారు. "అదే! అదే! అదే!"

పాపం, రోజూ చూసే ముఖం కనబడక చికాకు పడ్డారేమో. చిన్నపిల్లల్లా.

మేడమ్ పరిగెత్తుకొచ్చారు. మళ్ళీ పక్షవాతం వచ్చిందేమోనని అప్పటికప్పుడు స్కానింగ్‌కి పంపారు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళేముందు చెప్పులు, గడియారం, కళ్ళజోడు తీయించారు. అవన్నీ ఒళ్ళో పెట్టుకుని మాస్టారి భార్య బెంచీ మీద కూర్చుంది. ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి.

జూలై 24

స్కానింగ్‌లో కొత్తగా ఏమీ లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. ఏమీ లేకపోతే మరి నిన్న ఏమైనట్టు?

మాస్టారి భార్య మేడమ్‌ని నిలదీసింది. "టోపీలో కరెంటు ఆపేశారు కదూ? చెప్పండి, ఏమీ అనుకోను."

"అసలు ఉందో లేదో నాకే తెలియదమ్మా."

"డాక్టరై ఉండి తెలియదంటే నేను నమ్మాలా?"

మేడమ్ నవ్వబోయి మానేశారు. తెలియకుండా ఉండటం కోసం ఇంత శ్రమపడే పని ఇంకెక్కడా ఉండదేమో.

జూలై 27

జలుబు తగ్గింది.

జూలై 30, మంగళవారం

తొమ్మిది! మబ్బు విడిపోయినట్టుంది. కొత్తగా "నిచ్చెన" వచ్చింది. మేడమ్ సంతోషించారు గానీ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు మార్కుల కేసి చూశారు. "ఇలా ఎగుడుదిగుడుగా ఎవరూ కోలుకోరే," అన్నారు. పోయిన వారం ఆయనకి నిద్ర సరిపోలేదేమో అన్నాను. అలా అనడం నా పని కాదు. ఎందుకన్నానో తెలియదు.

ఈరోజు గమనించింది: మాస్టారు బొమ్మని ఒక్క క్షణమే చూస్తారు. తర్వాతంతా నా వైపే చూస్తారు. పెద్దాయన, మర్యాద తెలిసిన మనిషి. ఎదుటివారి ముఖం చూసి మాట్లాడాలని పిల్లలకి చెప్పి చెప్పి ఉంటారు.

ఆగస్టు 1, గురువారం

అన్నీ తలకిందులయ్యాయి.

సాయంత్రం బాల్కనీలో పుస్తకం చదువుకుంటున్నాను. అక్క బట్టలు మడత పెడుతోంది.

"ఏం తింటున్నావే?"

"ఏమీ లేదే."

"మరి ఆ నోరు?"

"చదువుతున్నానే అక్కా."

"చిన్నప్పట్నుంచీ అదే రోగం. మనసులో అనుకున్నదల్లా పెదాల మీద ఆడుతుంది. క్లాసులో నీకెదురుగా కూర్చున్న పిల్లలంతా ఎలా పాసయ్యారనుకున్నావ్?"

నేను నవ్వాను. తర్వాత ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు.

సంచిలో ఉన్న కార్డుల కట్ట తీసుకుని గదిలోకెళ్ళి తలుపు వేసుకుని అద్దం ముందు కూర్చున్నాను. పరీక్షలో ఎలా కూర్చుంటానో అలాగే. కార్డు పెట్టాను, ఒక్కో కార్డుకి ఇచ్చే గడువు అయ్యేదాకా ఆగాను, మనసులో "చెప్పండి మాస్టారూ, చెప్పండి" అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అలవాటు. అద్దంలో నా నాలుక పైపళ్ళకి తగిలింది: తాళం. పెదాలు కలిసి విడిపోయాయి: పువ్వు. చప్పుడు లేదు. అక్షరం అక్షరం ఉంది. నాకు తెలియనే తెలియదు. ఒట్టు.

అద్దంలో గోడ లేదు. నోరుంది.

బావని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, చప్పుడు చేయకుండా పది మాటలు అన్నాను. ఆయన ఒక్కటీ పోల్చుకోలేకపోయాడు. "ఆకలేస్తోందా?" అన్నాడు చివరికి. ప్రాణం లేచొచ్చింది. అయితే పెదాలు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు, మాస్టారు సొంతంగానే చెబుతున్నారు!

కాసేపటికి ఇంకోటి తోచింది. బావకి నేను బొమ్మలు చూపించలేదు. బొమ్మా చూసి, నోరూ చూస్తే? అదీ ముప్ఫై ఏళ్ళు గీతల వంపులు చూసిన మనిషి చూస్తే?

ఆయన మాస్కు లాగింది అందుకా?

ఆగస్టు 2

చెప్పలేదు. మేడమ్ మీటింగులో ఉన్నారు.

ఆగస్టు 3

మేడమ్ ఖాళీగానే ఉన్నారు.

ఆగస్టు 6, మంగళవారం

చివరి పరీక్ష. దీని మీదే కుర్చీ.

పెదాలు లోపలికి మడిచి పళ్ళతో బిగించి కూర్చున్నాను. తాళం పెట్టాను. మాస్టారు చూశారు. ఎదురుచూశారు. తల కొంచెం వంచి, పాఠం మరిచిపోయిన పంతులు పిల్లల కేసి చూసినట్టు, నా ముఖంలో వెతికారు. దువ్వెన. పువ్వు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. తలుపుకున్న గాజు పలకలోంచి ఆయన భార్య చూస్తోంది. ఆవిడ ఊపిరికి గాజు మసకబారుతోంది, తుడుస్తోంది, మళ్ళీ మసకబారుతోంది.

నిచ్చెన దగ్గర పళ్ళు నొప్పెట్టి పెదాలు వదిలేశాను. అంతే. నేనేమీ చేయలేదు.

"నిచ్చెన," అన్నారాయన. నవ్వుతూ అన్నారు. ఆ తర్వాత ఆగలేదు. చివరికి పదకొండు.

మాస్టారి భార్య నన్ను కౌగిలించుకుంది. "కుర్చీ మాదే! ఒసే పిల్లా, నీ చెయ్యి మంచిది," అంది. చెయ్యి!

అంతే అని రాశాను పైన. అంతేనా? పళ్ళు అంత నొప్పెట్టాయా?

ఆగస్టు 7

ఆయన చెప్పింది ఆయన గొంతుతోనే కదా. నేను ఒక్క శబ్దం కూడా చేయలేదు. మాట బయటికి రావడమే కదా మనకి కావాల్సింది. ఏడాది సాధన దొరికితే మిగతాదీ వచ్చేస్తుంది. చెబితే ఆయన ఇంటికి పోవాలి, చెప్పకపోతే ఎవరికి నష్టం?

ఇదంతా పొద్దున రాసింది.

మధ్యాహ్నం టోపీ అన్నయ్య నాలుగో కుర్చీ గురించి చెప్పాడు. మాస్టారు లేకపోతే అది కుట్టుపని చేసే ఇంకో రోగికి వచ్చేదట. ఆమెకి సరిగ్గా పది. ఆమె పరీక్ష కూడా నేనే చేశాను. బిడియస్థురాలు, తలెత్తి నన్ను ఒక్కసారీ చూడలేదు. ఆ పదీ ఆమె బొమ్మల్లోంచి తవ్వుకున్నవే.

మిగతావాళ్ళు? ఎవరెవరు నన్ను చూశారు? గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తే అందరూ చూసినట్టే ఉంది, ఎవరూ చూడనట్టూ ఉంది.

ఆగస్టు 8, గురువారం

చెప్పాను.

మేడమ్ వింటూ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అద్దం సంగతి, అక్క మాట, బావ సంగతి కూడా చెప్పేశాను. ఆవిడకి బావతో పనేముంది?

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన గురువారం అండీ."

"మొన్న పరీక్ష చేశావుగా?"

"చేశానండీ."

"తెలిసే చేశావా?"

జవాబు నాలుక మీదే ఉంది. బయటికి రాలేదు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. మేడమ్ తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు. ఆవిడ ముఖం చూశాను. ఏమీ లేదు. గోడంటే అదీ.

"తెలిసేనండీ," అన్నాను చివరికి.

ఆవిడ కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది. నేను వేసిన మార్కులన్నీ కొట్టేస్తారు. అందరికీ వేరేవాళ్ళు మాస్కు కట్టుకుని మళ్ళీ పరీక్ష చేయాలి. నాకిక పరీక్షలు లేవు, కార్డులు సర్దే పని ఇచ్చారు. "నీ ఒక్కదానిదే తప్పు అనను. ఆ గదిలోకి వచ్చి నీ ఎదుట కుర్చీలో ఒక్కసారి నేను కూర్చుని ఉండాల్సింది," అన్నారు.

మాస్టారిని ఆవిడే మాస్కు కట్టుకుని పరీక్ష చేశారు. ఒక్కటి చెప్పారట. దువ్వెన. ఆ ఒక్కటీ మాత్రం ఆయనదే. కరెంటు వల్ల వచ్చిందో, సాధన వల్ల వచ్చిందో, కాలం గడిచి వచ్చిందో తెలియదు. ఆయనది ఏ టోపీయో ఇంకా ఎవరికీ తెలియదు. అందరి లెక్కలూ ముగిసేదాకా తెలియదు. ఆయన మాత్రం లెక్కలోంచి పోయారు. కుర్చీ పోయింది.

"ఆవిడకి నువ్వే చెప్పాలి," అన్నారు మేడమ్.

ఆగస్టు 9, శుక్రవారం

వరండాలో చెప్పాను. మాస్టారు కొంచెం దూరంలో చక్రాల కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మాస్టారి భార్య అంతా విని, "అయితే ఇన్నాళ్ళూ మాట్లాడింది నువ్వా?" అంది.

"కాదండీ. మాట ఆయనదే. కానీ నన్ను చూసి…"

"ఆ స్కానింగ్ గదిలోకి ఆయన్ని తోసినప్పుడు నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఏమేం అనుకున్నానో నీకు తెలుసా? అదంతా నువ్వు ముక్కుకి గుడ్డ కట్టుకున్నందుకా?"

"అవునండీ."

"అవునండీ అట! చుట్టాలందరికీ చెప్పుకున్నాను. కుర్చీ వచ్చింది, ఏడాదిలో మళ్ళీ బడికి పోతాడని చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని…" ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీ తోసుకుంటూ లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. అక్కడినుంచి వెళ్ళిపోవాలో, వెనకాలే పోవాలో తోచలేదు.

లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. వాళ్ళు ఎక్కలేదు. ఆవిడ మళ్ళీ కుర్చీ తిప్పుకుని వచ్చింది.

"నీ నోరు చూస్తే వచ్చిన మాట, నా నోరు చూస్తే ఎందుకు రాదు?"

ఆవిడకి ఎదురుచూసే అలవాటు లేదు కనక తనే మాట్లాడింది. "నేనెప్పుడూ ఈయన వెనకే ఉంటాను. కుర్చీ తోస్తూ వెనక, అన్నం పెడుతూ పక్కన. ఎదురుగా కూర్చున్నదెప్పుడు? వెనకనుంచే వాగుతున్నాను, ఈయన బదులు కూడా నేనే చెప్పేస్తున్నాను." ఆగింది. ఒంగి మాస్టారి ముఖంలోకి చూసి, "ఏమండీ, నా మొహం మరిచిపోయారా ఏంటి?" అంది.

మాస్టారు ఆవిడ కళ్ళ కేసి చూడలేదు. నోటి కేసి చూశారు. నేను చూశాను, నిజంగా చూశాను. ఆయన పెదాలు కదిలాయి. ఏదో అనబోయినట్టు. తర్వాత "అదే," అన్నారు.

అది రావడమో, రాకపోవడమో నాకు తెలియలేదు. ఆవిడకీ తెలియలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

మేడమ్‌ని అడిగాను. "ఆయన ఇప్పుడు మన అధ్యయనంలో లేరు. నువ్వు పరీక్షలు చేసేదానివి కావు. ఇంటికెళ్ళి సాయం చేస్తే నాకభ్యంతరం లేదు. కొందరికి ఎదుటివారి నోరు చూస్తే మాట అందుతుంది. కానీ అందించడం మానేస్తే నిలబడుతుందో లేదో చెప్పలేను. ఆశ పెట్టకు," అన్నారు. ఆశ పెట్టకుండా ఒకరింటికి ఎలా వెళ్ళాలో అడగాలనుకున్నాను. అడగలేదు.

మాస్టారి భార్యకి ఫోన్ చేశాను. రేపు రానా అని అడిగితే, "ఏడింటికి రా. ఆలస్యం చేస్తే తలుపు తీయను," అంది.

రేపు పొద్దున ఏడింటికి వాళ్ళింట్లో ఉండాలి. మొదట ఆవిడ కుర్చీని మాస్టారికి ఎదురుగా వేయించాలి, కిటికీ వెలుతురు ఆవిడ ముఖం మీద పడేలా. కార్డులు తీసుకెళ్ళను, ఇంట్లో వస్తువులే చాలు. నేను ఆయనకి కనబడకుండా పక్కకి కూర్చోవాలి. ఒక్కో మాటా నెమ్మదిగా అని, ఆగి, ఆయన కోసం ఎదురుచూడమని ఆవిడకి చెప్పాలి. అదెలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు. నెమ్మదిగా మాట్లాడమని ఆవిడకి ఇంతవరకూ ఎవరూ చెప్పినట్టు లేరు.